నా బలం దయ్యం

మా లాండ్రీ గోడకు కొత్తగా పెద్ద తెర బిగించారు. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి పంపే చోటు మాది. పనిచేసే వాళ్లందరి ముఖాలూ ఒకదాని తర్వాత ఒకటి ఆ తెర మీద వస్తాయని, ఎవరి ఫోటో వాళ్లే తీసుకోవాలని, కింద 'నా బలం' అని రాసి పక్కన ఒక్క మాట పెట్టాలని సూపర్‌వైజర్ చెప్పాడు. ఫోటోలన్నీ పోగుచేసి తెరకు ఎక్కించే పని మా మరిదికి దక్కింది. అతనిది ఫోటోల దుకాణం. పెళ్లి ఆల్బమ్‌ల దగ్గర్నుంచి కదిలే బొమ్మల దాకా అన్నీ కంప్యూటర్ మీద చేస్తాడు.

ఇస్త్రీ మిషన్ అవతలి కొసన దుప్పటి పట్టుకునే ఆవిడను అందరం రేడియో అంటాం. ఆమె 'నా బలం నోరు' అని పెట్టి అప్పటికప్పుడే పంపేసింది. నాకు ఆదివారం పొద్దంతా పట్టింది. నేను ఒక్కదాన్నే ఉన్న ఫోటో నాకు అంతవరకు లేదు. ఉన్నవాటిలో ఆయన పక్కన తల వంచుకుని ఉంటాను, లేదంటే ఎవరి పెళ్లిలోనో వెనక వరసలో సగం తల. కిటికీ దగ్గర నిలబడి, చెయ్యి చాపి, నా ముఖాన్ని నేనే తీసుకున్నాను. ఆయన పోయాక రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలతో, ఒక్కొక్కటే వెతికి నొక్కుతూ, నా బలం ధైర్యం అని రాశాను. రాశాననుకున్నాను.

సోమవారం లోపలికి అడుగుపెట్టేసరికి అందరూ తెర కింద గుమిగూడి కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. నన్ను చూడగానే ఇంకా ఎక్కువైంది.

తెర మీద ఒక రాక్షసి. ఆకుపచ్చ ముఖం, నెత్తిన రెండు కొమ్ములు, పెదవి దాటి వచ్చిన కోరలు. కళ్లు గుండ్రంగా తిరిగాయి. నోరు తెరుచుకుని, ఎర్రటి నాలుక గడ్డం దాకా జారి, మళ్లీ లోపలికి వెళ్లింది. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ చూశాక తెలిసింది, అది నేను. కింద పెద్ద అక్షరాలు. నా బలం దయ్యం.

"ఏంటే, ఇంట్లో ఇలాగే ఉంటావా?" అంది రేడియో కళ్లు తుడుచుకుంటూ. "పాపం ఆ మహానుభావుడు ఎలా వేగాడో!"

సూపర్‌వైజర్ గదిలోకి వెళ్లాను.

"మీ మరిదే పంపాడమ్మా. మీకు తెలిసే అనుకున్నాను."

"తెలిస్తే ఇలా వస్తానా?"

"పొద్దస్తమానం దుప్పట్లతో కుస్తీ పడతారు, కాసేపు నవ్వుకోనివ్వండమ్మా. మీ సొమ్మేం పోయింది?"

నా ముఖం పోయింది. అది సొమ్ము లెక్కలోకి రాదు కాబోలు.

మిషన్ దగ్గర నిలబడి, ఫోన్ తీసి, నేను పంపినదాన్ని వేలు పెట్టి చదువుకున్నాను. ఒత్తు ధ రావలసిన చోట మామూలు ద ఉంది. ఐత్వం లేదు. ర కింద పెట్టవలసిన య ఒత్తు, ఇంకో య కింద పెట్టాను. రాసింది నేనే. ఎవరి కంటా పడకుండా ఫోన్ కొంగులో దాచుకున్నాను. తల ఎత్తితే పైన అది నాలుక చాపుతోంది. అప్పుడు సిగ్గు పోయి, ఒళ్లు మండింది.

పని అయ్యాక తిన్నగా దుకాణానికి వెళ్లాను. మరిది ఎవరో పెళ్లికొడుకు పళ్లు తెల్లగా చేస్తున్నాడు.

"రా వదినా, కూర్చో. చూశావా సినిమా?"

"చూశాను. ఎవరది?"

"నువ్వే! నా బలం దయ్యం అని నువ్వే రాశావు కదా. అడిగింది చేసివ్వడం మా వృత్తిధర్మం."

"నేను రాసింది ధైర్యం."

అతను పగలబడి నవ్వాడు.

"నీకు తెలుసు కదూ?" అన్నాను.

"అబద్ధం ఎందుకు, చదవగానే తెలిసింది. కానీ వదినా, అంత బాగా కుదిరితే చెయ్యి ఊరుకుంటుందా?"

"ఒక్క ఫోన్ చేసి అడగడానికి ఆ చెయ్యి రాలేదా?"

"వదినతో వేళాకోళం ఆడకపోతే ఇంక మరిది ఎందుకు చెప్పు?"

"వేళాకోళం నా ఎదురుగా ఆడు, నేనూ నాలుగు అంటాను. గోడకెక్కించి ఊరందరి చేతా ఆడిస్తావా? అక్షరం తప్పితే అక్షరాన్ని దిద్దాలి. ముఖాన్ని దిద్దుతారా ఎక్కడైనా?"

లోపల్నుంచి మా తోడికోడలు తల బయటపెట్టింది. "సరదాకి చేశారులే అక్కా. ఇంత చిన్నదానికి..."

"నీ ముఖానికి కొమ్ములు పెట్టి మీ వీధి మొగలో తగిలించమను. అప్పుడు చిన్నదో పెద్దదో చూద్దాం."

ఆ తల లోపలికి వెళ్లిపోయింది.

"సరే సరే, నీ కోపం ఎలా పోగొట్టాలో నాకు తెలుసు," అని మరిది మౌస్ అటూ ఇటూ జరిపాడు. కొమ్ములు పోయాయి, పచ్చదనం పోయింది. అంతటితో ఆగలేదు. నుదుటి గీతలు చెరిగాయి. కళ్ల కింది సంచులు మాయమయ్యాయి. రంగు తేలింది, బుగ్గలు నున్నబడ్డాయి. పుట్టుమచ్చ కూడా ఎగిరిపోయింది. తెర నావైపు తిప్పాడు.

"ఈవిడెవరు?"

"నువ్వే వదినా! ఇరవై ఏళ్లు తీసేశాను. నీ దగ్గర డబ్బులు కూడా తీసుకోను."

"ఎవరిని అడిగి తీశావు? ఆ ఇరవై ఏళ్లూ నీళ్లలో నానిందీ, ఆవిరిలో ఉడికిందీ నేను. ఇలా ఇచ్చెయ్."

"అదేంటి, రాక్షసిని చేస్తే తప్పు, రంభను చేసినా తప్పేనా?"

"రెండూ నేను కాదు. తేడా ఏముంది?"

అతనికి నిజంగానే అర్థం కాలేదు. అతన్ని ఆ రంభ దగ్గరే వదిలేసి వచ్చేశాను.

మర్నాడు పొద్దున తెర మీద నాలుక ఇంకా ఆడుతూనే ఉంది. నేను మిషన్ స్విచ్ వెయ్యలేదు. తడి దుప్పట్ల బళ్లు వచ్చి వరసగా ఆగాయి. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందమ్మా, కరెంటు లేదా?"

"ఉంది. అది గోడ మీద ఉన్నంతసేపూ ఇది వేడెక్కదు."

"చిన్న బొమ్మ కోసం ఆసుపత్రి పని ఆపుతారా?"

"చిన్న బొమ్మే కదా, తీసెయ్యండి. మీ పనీ ఆగదు."

అతను మిగతా వాళ్లవైపు చూశాడు. రేడియో దుప్పటి కొస వదిలేసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"నన్ను చూస్తారేంటి సార్? నిన్న అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. ఇవాళ నవ్వు రావట్లేదు. తీసెయ్యండి."

రాక్షసి పోయింది. మరిది ఇచ్చే మంచి ఫోటో పెడదామన్నాడు సూపర్‌వైజర్. అక్కర్లేదని నా ఫోన్ అతని చేతికిచ్చాను. ఆదివారం తీసుకున్నదాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించాడు. కింది మాట తను కొడతానంటే వద్దని, కీబోర్డు ముందు నేనే కూర్చున్నాను. ఆలస్యమైంది. వెనక అందరూ నిలబడి ఉన్నారు.

"ర కింద య," అంది రేడియో, ఉండబట్టలేక.

"తెలుసు. చెప్పకు."

మధ్యాహ్నం మరిది నుంచి మెసేజ్ వచ్చింది. వదినా, కోపం పోయిందా అని, పక్కన నవ్వు ముఖాలు వరసగా పెట్టాడు. దుప్పటి పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని జవాబు రాశాను. లేదు. రెండే అక్షరాలు, ఎవరూ దిద్దక్కర్లేదు.