అవొమొరి బుబు

క్యోటోలో పాత ఇళ్ళవాళ్ళు గుమ్మం తొక్కిన మనిషిని పొమ్మని ఎన్నడూ అనరు. అంత మర్యాద తక్కువ మనుషులా వాళ్ళు! "ఉండండి, కాస్త బుబుజుకే అయినా తిని వెళ్ళండి" అంటారు. బుబు అంటే తేనీరు. చద్దన్నంలో వేడి తేనీరు పోస్తే బుబుజుకే. ఆ మాట చెవిన పడగానే వచ్చినవాళ్ళు "అయ్యో, ఆలస్యమైపోయింది" అంటూ లేచి చెప్పులు వెతుక్కోవాలి. మికుమో వారి తేయాకు దుకాణంలో ఆ మాట విని, తింటానని కూర్చున్న మనిషి ఇంతవరకూ ఒక్కతే. ఆ ఒక్కతే కోడలు చిగుసా కన్నతల్లి.

ఆమె పేరు కివా. ఉత్తరాన అవొమొరిలో ఆపిల్ తోట. కూతురికి పెళ్ళైన రెండేళ్ళకు రోజంతా రైళ్ళు మారి, వీపున ఆపిల్ పళ్ళ మూట మోసుకుని మొదటిసారి చూడడానికి వచ్చింది. వియ్యపురాలు ఫుసానో ఆ పళ్ళను చూసి "ఎంత పుష్టిగా ఉన్నాయో" అంది. చూపు మాత్రం కివా నడుం మీద ఉంది. కివా పొంగిపోయింది. గంట గడిచినా కదలకుండా, తోటకు పట్టిన పురుగు గురించి చెప్పుకుపోతూనే ఉంది. పక్కనే పొరుగున పట్టు నడికట్లు అమ్మే సుగికో కూర్చుని వింటోంది.

"వదినగారూ, ఇంట్లో ఏమీ లేదనుకోండి. కాస్త బుబుజుకే అయినా తింటారా?" అని ఫుసానో నవ్వుతూ అడిగింది.

"ఓలమ్మ, తింతాను వదినా! పొద్దుట్నుంచి ఏటీ తిన్నేదు. పెద్ద గిన్నెతోటే పెట్టీ!"

సుగికో చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

తెర వెనక చిగుసా వింటోంది. ఈ ఊరి మాటలు ఆమెకు అప్పటికే వంటబట్టాయి. అమ్మను పక్కకు పిలిచి చెవిలో ఒక్క ముక్క వేస్తే సరిపోయేది. వేయలేదు. అమ్మను చూసి జాలి కన్నా ముందు సిగ్గు పుట్టింది, నిజం చెప్పాలంటే. గబగబా అన్నం గిన్నె మూత తీసింది. ఖాళీ. పెట్టే ఉద్దేశమే లేనప్పుడు చద్దన్నం ఎందుకుంటుంది!

ఫ్రీజర్‌లో వెనిలా ఐస్‌క్రీం డబ్బా కనబడింది. నీలం పూల అన్నం గిన్నెలో రెండు గట్టి ముద్దలు వేసింది. చూడడానికి అన్నంలాగే ఉన్నాయి. మచ్చా అనే మేలురకం పచ్చ తేయాకు పొడి జల్లించి, మరుగునీళ్ళు నేరుగా పోస్తే చేదెక్కుతుందని ముందు వేరే గిన్నెలోకి వంచి వేడి కాస్త తగ్గనిచ్చి, వెదురు కుంచెతో నురగ తేలేదాకా గిలక్కొట్టింది. రెండూ పట్టుకెళ్ళి అమ్మ కళ్ళెదుటే పచ్చటి తేనీటిని తెల్లటి ముద్దల మీద పోసింది.

"బుబుజుకే అమ్మా, తిను" అంది.

కివా ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు పెద్దవి చేసింది. "ఓలమ్మ! పైన ఏడి, లోన సల్లన! పట్నపోళ్ళ బుబుజుకే ఇలాగుంటాదేటే!" అంటూ గిన్నె అడుగుదాకా గీకి తిని, వియ్యపురాలి రెండు చేతులూ పట్టుకుని ఊపి మరీ రైలెక్కింది.

ఫుసానో దేన్నీ వృథా పోనిచ్చే మనిషి కాదు. ఆ వేసవికే దుకాణం వెనకున్న నాలుగు బల్లల గదిలో ఆ ఐస్‌క్రీం అమ్మకానికి పెట్టి కొత్త పలక వేలాడదీసింది: అవొమొరి బుబు. ఆ పేరేమిటని ప్రతివాళ్ళూ అడిగేవాళ్ళు, ఫుసానో చెప్పేది. "మా వియ్యపురాలు చాలా అమాయకురాలండీ..." అని మొదలుపెట్టి, అమాయకురాలు అన్నచోట కాస్త ఆగేది. "పైగా ఇది కరిగిపోతుంది కదా, గబగబా తినేసి లేచిపోతారు. పేరుకు తగినదే!" అని ముగించేది. గది గదంతా గొల్లున నవ్వేది. తెర ఇవతల చిగుసా రోజుకు నలభై గిన్నెల్లో తేనీరు పోస్తూ ఆ నవ్వులు వినేది. మొదట్లో తేనీరు ఒలికేది. తర్వాత ఒలకలేదు.

ఒకరోజు ఫుసానోకు గొంతు పోయింది. "నువ్వు చెప్పమ్మా" అని సైగ చేసింది. చిగుసా చప్పగా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. మర్నాడు వాళ్ళమ్మ గొంతుతో, వాళ్ళమ్మ యాసతో, "పెద్ద గిన్నెతోటే పెట్టీ!" అంది. జనం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. ఆ సాయంత్రం ఫుసానో మొట్టమొదటిసారి "మన చిగుసా" అంది. ముందు గదిలో కొనేవాళ్ళను పలకరించే చోట కూర్చోబెట్టింది కూడా. రెండేళ్ళ పైచిలుకు పాచిపని మనిషిలా తెర వెనక నిలబెట్టిన ఇంట్లో, ఆ చోటు ఆమెకు ఊరికే రాలేదు. తల్లిని ఇచ్చి తెచ్చుకుంది.

మూడో వేసవిలో కివా ఫోన్ చేసింది. "ఒసే, మనూరి పేరెట్టారటే తినేదానికి! పత్రికలో బొమ్మ చూసినాం. నా వల్లే కదేటి? పదకొండుమందిమి బస్సు కట్టించుకుని వత్తన్నాం!"

"వద్దమ్మా, ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి."

"ఎండకే కదే ఐస్‌క్రీం!"

చిగుసా అత్తగారి ముందు మోకరిల్లింది. "ఆ ఒక్కరోజూ ఆ కథ వద్దు అత్తయ్యా. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఛ, ఛ! కన్నతల్లి ఎదురుగా అలాంటివి నేనెందుకు చెప్తానమ్మా, నా నోటితో?" అంది ఫుసానో.

మాట తప్పలేదు ఆవిడ. పదకొండుమంది ఆడవాళ్ళూ పండగ బట్టల్లో వచ్చి మూడు బల్లలు నింపారు. నాలుగో బల్ల దగ్గర సుగికో తన చుట్టాలతో కూర్చుంది. కివా తన వాళ్ళకు పలక చూపిస్తూ, "అదిగో, నా బుబు!" అంటోంది. చిగుసా ఒక్కొక్క గిన్నెలో తేనీరు పోసుకుంటూ అమ్మ దగ్గరకు వచ్చేసరికి సుగికో అడగనే అడిగింది.

"ఈ పేరు ఎలా వచ్చిందో మా వాళ్ళకు చెప్పరూ?"

"నాదేముందండీ, మన చిగుసా చెప్తేనే అందం" అంది ఫుసానో. "చెప్పమ్మా. మీ అమ్మగారు కూడా వింటారు."

"సెప్పే, సెప్పు!" అని కివా చప్పట్లు కొట్టింది.

చిగుసా అమ్మను చూసింది, అత్తను చూసింది, ముందు గదిలో తన చోటును చూసింది. ఏదో మెత్తగా చెప్పి దాటేద్దామనే మొదలుపెట్టింది. ఆపిల్ మూట, రైళ్ళు, పురుగు. కానీ రోజూ నలభై నోళ్ళకు ఆ కథ వడ్డించిన నాలుక దారి తప్పదు. "ఆ గొంతు, ఆ గొంతు!" అని సుగికో ఎగదోసింది. "పొద్దుట్నుంచి ఏటీ తిన్నేదు, పెద్ద గిన్నెతోటే పెట్టీ!" అనేసింది చిగుసా. తమ యాస వినబడగానే పదకొండుమందీ పగలబడి నవ్వారు. అందరికన్నా పెద్దగా నవ్వింది కివా.

"అయితే ఏటి? ఆకలేసి తిన్నాది. దాన్లో నవ్వేటున్నాది?" అని ఆమె కూడా వచ్చిన ముసలమ్మ ఒకతె అడిగింది.

సుగికో చాలా మర్యాదగా చెప్పింది. "మా ఊళ్ళో బుబుజుకే పెట్టనా అంటే, ఇక దయచేయండి అని అర్థమండీ. నిజంగా ఎవరూ వండరు."

నవ్వులు ఒక్కొక్క బల్లా ఆగిపోయాయి. కివా కూతురి ముఖంలోకి చూసింది.

"ఆరోజు నీకు తెల్సునా?" అని నెమ్మదిగా అడిగింది.

చిగుసా తల దించుకుంది.

పారేయడం ఎరగని మనిషి కనుక కివా గిన్నెలో కరిగిపోయిన పచ్చనీళ్ళు చివరిదాకా తాగింది. లేచింది. వెనకే అందరూ లేచారు. గుమ్మం దగ్గర ఆమె వంగి చెప్పులు తొడుక్కుంటుంటే చిగుసా పరిగెత్తుకుని వచ్చి "అమ్మా" అంది.

కివా నిటారుగా నిలబడి, రెండు చేతులూ తొడల మీద ఆనించి, పరాయివాళ్ళకు వంగినంత లోతుగా కూతురికి వంగింది. ఎక్కడ నేర్చుకుందో, యాస ఒక్కటీ లేకుండా, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని అంది.

"చాలా బాగుందండి. మీకు శ్రమ ఇచ్చాం. సెలవు."

పుట్టి బుద్ధెరిగాక తల్లి నోట తనను మీరు అనడం చిగుసా వినలేదు. కాళ్ళ మీద పడదామనుకుంది. బిగ్గరగా ఏడుద్దామనుకుంది. అయితే ముందు గదిలో కూర్చుని కొనేవాళ్ళకు వంగడం రెండేళ్ళుగా అలవాటైన నడుం దానంతట అదే వంగింది, నోరు దానంతట అదే తెరుచుకుంది.

"మళ్ళీ దయచేయండి" అంది.