భీమయ్య కూలర్ వాదన

అర్బాబ్ లారీకి కూలర్ పెట్టాల్సిందేనని భీమయ్య పట్టుబట్టి కూర్చున్నాడు. వర్క్‌షాప్‌లో మిగతా అందరూ అక్కర్లేదన్నారు. అందరికన్నా గట్టిగా అక్కర్లేదన్నవాడు ఆ లారీ డ్రైవరు నబీ రసూల్.

అర్బాబ్ అంటే యజమాని. ఆయనకు హత్తా కొండల్లో ఖర్జూర తోట ఉంది. సరుకుతో కొండ ఎక్కేటప్పుడు లారీ ఆయాసపడుతోందని, ఆయన తమ్ముడు అమెరికా నుంచి ఒక సూపర్‌ఛార్జర్ పట్టుకొచ్చాడు. అది బెల్టు మీద తిరుగుతూ ఇంజన్ నోట్లోకి గాలిని కుక్కుతుంది, అన్నం తిననని మారాం చేసే పిల్లాడి నోట్లో తల్లి ముద్దలు కుక్కినట్టు. కుక్కిన గాలి వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే పెట్రోలు తన వంతు రాకముందే అంటుకుని, ఇంజన్ లోపల టకటకమని కొట్టుకుంటుంది. అలా కొట్టుకుంటూ పోతే పిస్టన్లు పగులుతాయి. అందుకని ఆ గాలిని మధ్యలో చల్లబరచడానికి, రేడియేటర్ లాంటి పెట్టె ఒకటి పెడతారు. దానికి ఇంటర్‌కూలర్ అని పెద్ద పేరుంది. దుబాయ్‌లో ఈ వర్క్‌షాప్ ఉన్న అల్ ఖూజ్‌లో మాత్రం కూలర్ అనేవారు. ఈ సూపర్‌ఛార్జర్ కుక్కేది కొంచెమే. ఆ కొంచెం గాలికి కూలర్ కావాలా వద్దా అన్నదే తగువు.

"ఎండలు జూస్తున్నవు గద. బయట గాలే మంట లెక్క ఉంది. కూలర్ లేకుంటే ఇంజన్ ఆగమైతది" అనేవాడు భీమయ్య.

"ఇంజన్ సంగతి తర్వాత. ముందు నేను ఆగమైపోతాండా భీమన్నా" అనేవాడు నబీ రసూల్.

అతని బాధ అబద్ధం కాదు. లారీ వర్క్‌షాప్‌లో పడినప్పటి నుంచి అతన్ని సోనాపూర్ కూలీల క్యాంపుల్లో మురుగు లాగే ట్యాంకరు మీద వేశారు. కడప నుంచి అత్తరు తెప్పించుకునే మనిషి. ఇప్పుడు మెస్‌లో అతను కంచం పెట్టుకుంటే బల్ల మీద వాళ్ళు ఒక్కొక్కరే చేతులు కడుక్కోవడానికి లేస్తున్నారు. నమాజుకు నిలబడితే అటొక మనిషి, ఇటొక మనిషి జాగా వదులుతున్నారు.

"మా మేనత్త కొడుకు కూడా నన్ను చూసి తుమ్ముతాండాడు. నీ కూలర్ వచ్చేలోపల నాకు చుట్టాలనేవాళ్ళు మిగలరప్పా" అన్నాడు ఒకరోజు.

వర్క్‌షాప్ ముదీర్, అంటే మేనేజరు, అమానుల్లా పెషావర్ వాడు. ఇంజన్ పని అయిపోతే భీమయ్యను సెలవు మీద పంపుతానని ఆయన మాట ఇచ్చి ఉన్నాడు. తమాషా ఏమిటంటే, సెలవు అడిగింది భీమయ్య కాదు. కిందటేడు అతని భార్య అంజవ్వ జ్వరంతో పోయింది. టెలిగ్రామ్ అందేసరికి ఊళ్ళో అన్నీ అయిపోయాయి. ఇప్పుడు సంవత్సరీకం దగ్గర పడుతోంది. అక్క బాలవ్వ, ఊరి నుంచి వచ్చిన మనిషితో కబురు పంపింది. "యాడాదికి గూడ రాకపోతే వాడు నాకు తమ్ముడు గాడని చెప్పు" అని. ఆ కబురు విన్నది అమానుల్లా. మాట ఇచ్చిందీ ఆయనే.

భీమయ్యకు వెళ్ళాలని లేదు. ఏడుపు వస్తుందని కాదు. దుబాయ్‌లో ఉన్నన్నాళ్ళూ అంజవ్వ అతని పక్కన ఎప్పుడూ లేదు, ఊళ్ళోనే ఉంది. ఇక్కడే ఉంటే ఇప్పుడు కూడా ఊళ్ళోనే ఉన్నట్టు. వెళితేనే ఉండదు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఇంజన్ పూర్తి కాకపోతే చెప్పాల్సిన పనీ ఉండదు. కూలర్ కోసం షార్జా పాత సామాన్లలో వెతకాలి. పైపులు వంచాలి, బ్రాకెట్లు వెల్డింగ్ చేయాలి. అంతలో సంవత్సరీకం దాటిపోతుంది. అందుకే అతను గాలి గురించి అంత శ్రద్ధగా మాట్లాడేవాడు.

వేడి కొలిచి తేల్చుదామని ఎవరో అన్నారు. నబీ రసూల్ వెంటనే క్యాంపు కాంపౌండర్ దగ్గర జ్వరం చూసే థర్మామీటర్ అడిగి తెచ్చాడు. దాన్ని ఇంజన్ దాకా తీసుకుపోకుండానే, నీడలో నబీ రసూల్ జేబులోనే పాదరసం చివరిదాకా ఎక్కి కూర్చుంది. "నీకే మొదట కూలర్ పెట్టాలె" అన్నాడు భీమయ్య.

చివరికి అమానుల్లా తీర్పు చెప్పాడు. నిండు సరుకుతో, మిట్టమధ్యాహ్నం, హత్తా ఎక్కుడు మీద నడిపి చూడండి. ఇంజన్ కొట్టుకుంటే కూలర్. కొట్టుకోకపోతే ఖలాస్. వినవలసింది భీమయ్య. ఆ షెడ్డులో ఇంజన్ చప్పుడు అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

బయలుదేరే ముందు నబీ రసూల్ లారీలో చప్పుడు చేసే ప్రతిదాన్నీ దించేశాడు. అద్దానికి వేలాడే తాయెత్తులకు సలాము చేసి విప్పాడు. పానాల డబ్బా, జాకీ, టిఫిన్ గిన్నె దించాడు. సీటు స్ప్రింగుల మధ్య గుడ్డలు కుక్కాడు. తన వెండి ఉంగరాలు తీసి రుమాల్లో మూట కట్టాడు. ఊగే పన్ను ఒకటి ఉందని, దాన్ని నాలుకతో అదిమి పట్టుకున్నాడు. దానివల్ల దారి పొడుగునా అతను మాట్లాడలేకపోయాడు. ఆ పరీక్షలో మొదటి లాభం అదేనని భీమయ్య అనుకున్నాడు.

ఎక్కుడు మొదలైంది. నబీ రసూల్ గేరు మార్చి కాలు నొక్కాడు. సూపర్‌ఛార్జర్ ఈల వేసింది. లారీ నిండా సిమెంటు బస్తాలున్నా, బండి బరువు మరిచిపోయినట్టు పైకి పాకింది. భీమయ్య తల వంచి విన్నాడు. ఇంజన్ ఒకే గొంతుతో రొద పెడుతోంది. రెండో మలుపు దగ్గర వినబడింది.

టక్. టక్ టక్. టక్.

నబీ రసూల్ మొహం పాలిపోయింది. భీమయ్య గుండె మీద నుంచి ఏదో బరువు దిగింది. అది సంతోషమేనని తెలిసి అతనికి సిగ్గేసింది. అయినా దిగిన బరువు దిగింది.

"వినబడిందా" అన్నాడు నబీ రసూల్, పన్ను సంగతి మరిచిపోయి.

"ఇనవడ్డది."

"సరే అన్నా. పెట్టుకో నీ కూలర్. నా రాత. రేపటి నుంచి మెస్‌లో బయట మెట్ల మీద తింటా. పిల్లులుండాయి, అవి ఏమనుకోవులే."

భీమయ్యకు నవ్వొచ్చి ముందుకు వంగాడు. చప్పుడు ఆగిపోయింది. వెనక్కి ఆనుకున్నాడు. చప్పుడు మళ్ళీ వచ్చింది. అతను కిందికి చూశాడు. మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి చొక్కా కింద నుంచి జారి, తలుపు రేకుకు కొట్టుకుంటోంది.

నబీ రసూల్ చూపు రోడ్డు మీద ఉంది. వెనక్కి ఆనుకుని ఊరికే కూర్చుంటే చాలు. భీమయ్య ఒక మలుపు అంతా అలాగే కూర్చున్నాడు. నబీ రసూల్ పిల్లులకు పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. ఒకదానికి మేనత్త కొడుకు పేరు పెట్టాడు.

"జెర ఆపు" అన్నాడు భీమయ్య. "కొట్టుకునేది ఇంజన్ గాదు. నేను." తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని చూపించాడు.

నబీ రసూల్ ఆపలేదు. ఎక్కుడు పైదాకా అలాగే నడిపాడు. ఇంజన్ ఎక్కడా తడబడలేదు. పైన చదునుగా ఉన్న చోట బండి ఆపి, దిగి, చేతులు చాచి దువా చేసుకుని మళ్ళీ ఎక్కాడు.

"ఏం తాళంచెవి అది?"

"పెట్టెది."

"పెట్టెలో ఏముండాది?"

"చీర. టార్చిలైటు. సబ్బులు. అంజవ్వకు కొన్నయి. ఆమె ఉన్నప్పుడే కొన్న."

నబీ రసూల్ రుమాలు మూట విప్పి, ఉంగరాలు ఒక్కొక్కటే వేళ్ళకు పెట్టుకున్నాడు.

"అందుకా కూలరు?" అన్నాడు చివరికి.

"అందుకే."

"ముందే చెప్పింటే నేనే ఇంజన్‌లో గుప్పెడు రాళ్ళు పోసుందునే. నీకోసం పిల్లులతో తినలేనా నేను?"

ఇద్దరూ కిందికి దిగారు. దిగేటప్పుడు భీమయ్య తాళంచెవిని గుప్పిట్లోనే ఉంచుకున్నాడు. అబద్ధం ఆడటానికి అవకాశం చేతిలోకొచ్చినా ఎందుకు ఆడలేదని ఆలోచించాడు. ఇంజన్ బాగుంది. బాగున్నదాన్ని బాగాలేదని ఒక మలుపు దాకా అనగలిగాడు. ఆ తర్వాతి మలుపుకు అతని వల్ల కాలేదు.

వర్క్‌షాప్ ముందు అర్బాబ్ స్వయంగా నిలబడి ఉన్నాడు. ఆయన పెదనాన్న కొడుకు లారీకి ముందు వైపు మెరిసే కూలర్ ఒకటి ఉందట. దాన్ని ఆయన ఆ పొద్దునే చూశాడు. తనకూ అలాంటిదే కావాలని అమానుల్లాతో చెప్పి, ఎన్నాళ్ళు పట్టినా ఫరవాలేదన్నాడు.

నబీ రసూల్ భీమయ్య వైపు చూడకుండా మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆశపడ్డది అడగకుండానే దొరికింది. ఇందులో భీమయ్య తప్పేమీ ఉండదు. ఆజ్ఞ యజమానిది.

"అది వద్దు సాబ్" అన్నాడు భీమయ్య.

అమానుల్లా అతన్ని ఎగాదిగా చూశాడు. "నిన్నటిదాకా కావాలన్నావు."

"నిన్న అబద్ధం చెప్పిన." భీమయ్య అర్బాబ్‌కు అర్థమయ్యేలా తన హిందీ అంతా కూడగట్టుకున్నాడు. సూపర్‌ఛార్జర్ కుక్కేదే కొంచెం గాలి. ఆ గాలి మళ్ళీ కూలర్‌లో నుంచి దూరి రావాలంటే అందులో కొంత దారిలోనే పోతుంది. ఇప్పుడు ఇంజన్, రేడియేటర్ వెనకున్న వేడి గాలి తాగుతోంది. ముందు నుంచి ఒక పైపు వేసి బయటి గాలి తాగిస్తే సరిపోతుంది. పొద్దుటికల్లా అయిపోయే పని.

అర్బాబ్ ఓపికగా విన్నాడు. "కానీ మా అన్నయ్య లారీకి ఉంది" అన్నాడు.

అమానుల్లా తలకొట్టుకోబోయి ఆగాడు. కాసేపటికి ఒప్పందం కుదిరింది. మెరిసే కూలర్ ఒకటి లారీ ముందు పెడతారు. దానికి పైపులు కలపరు. కొండ మీద వాళ్ళు ముందు వైపే చూస్తారు కదా అని అర్బాబ్ సంతోషించాడు.

"ఇంకేం. భీమయ్య ఉండి అది బిగించి వెళ్తాడు" అన్నాడు అమానుల్లా.

"నాలుగు బోల్టులు సాబ్. దానికి నేనెందుకు? నబీ రసూల్ బిగిస్తడు. నేను ఊరికి పోవాలె."

అమానుల్లా ఆఫీసులోకి వెళ్ళి బీరువా తెరిచి, పాస్‌పోర్టుల కట్టలోంచి భీమయ్యది వెతికి తీశాడు.

"ఎన్ని నెలలు?"

వెళ్ళకుండా ఉండటానికి భీమయ్య దగ్గర చాలా కారణాలుండేవి. వెళితే ఎన్నాళ్ళుండాలన్నది మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

"మా అక్కను అడిగి చెప్త" అన్నాడు.

"మీ అక్క ఎక్కడుంది?"

"ఊర్ల."

అమానుల్లా పాస్‌పోర్టు అతని చేతిలో పెట్టాడు. "అయితే వెళ్ళి అడుగు" అన్నాడు.