సుందర్ రావు పేరు ఎక్కడ రాయాలి?

ఆఫ్రికాలో జాంబియా అనే దేశం ఒకటుందని 1978 జూన్ దాకా వరంగల్ మట్టెవాడలో ఎవరికీ పట్టలేదు. జూలై మొదటి వారానికల్లా అక్కడ వానలు ఎప్పుడు పడతాయో, బియ్యం దొరుకుతాయో లేదో, సింహాలు ఊళ్లోకి వస్తాయో రావో ఖరాఖండిగా చెప్పగలిగేవాళ్లు చౌరస్తా హోటల్లోనే పదిమంది తేలారు. ఆ పదిమందికీ పెద్ద సుందర్ రావు. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరు. రోజూ బడి విడవగానే వచ్చి కూర్చుని, సాసర్లో చాయ పోసుకుని, దేశం భారమంతా తన నెత్తినే ఉన్నట్టు ఒక నిట్టూర్పు విడిచి, జాంబియా పోవడమా మానడమా అని ఆలోచన చేస్తున్నామని చెప్పేవాడు. హోటల్ ఆయన అడక్కుండానే ఇంకో చాయ పంపేవాడు.

ఒక్క చిన్న సంగతి మాత్రం చెప్పడం మరిచిపోయేవాడు పాపం. ఉద్యోగం వచ్చింది ఆయనకు కాదు. ఆయన భార్య దీనమ్మకు.

దీనమ్మ పదకొండేళ్లుగా మిషన్ దవాఖానలో కాన్పుల వార్డు నర్సు. అంతకుముందు అక్కడ మేట్రన్‌గా చేసిన ఒకావిడ జాంబియా వెళ్లి, రాగి గనుల ఊళ్లో పెట్టిన కొత్త ఆస్పత్రిలో చేరింది. ఆమే దీనమ్మ పేరు చెప్పింది. కాన్పుల వార్డు మొత్తం దీనమ్మ చేతికిస్తామని, ఇల్లు ఇస్తామని, పిల్లలకు బడి ఉందని, కుటుంబంలో నలుగురిని వెంట తెచ్చుకోవచ్చని ఉత్తరం వచ్చింది. సెప్టెంబరు ముప్పై లోగా ఫారం అందాలి, అందకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. నలుగురంటే లెక్క సరిగ్గా సరిపోయింది. భర్త, ఇద్దరు ఆడపిల్లలు, అత్త ఎస్తేరమ్మ.

ఒంటరిగా పోయే ఉద్యోగాలు దీనమ్మకు అంతకుముందే రెండు వచ్చాయి, కువైట్‌లో. రెండూ వద్దంది. వాళ్ల నాయన బొంబాయి మిల్లులో పని చేస్తూ ఏడాదికి ఒక్కసారి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఈయన ఎవరని తల్లిని అడిగేదట. ఆ బతుకు తన పిల్లలకు వద్దనుకుంది. పోతే అందరం పోవాలి, లేదంటే ఎవరమూ వద్దు. ఇన్నాళ్లకు అందరూ కలిసి పోయే దారి దొరికింది. ఒక వార్డు తన చేతి కింద ఉండాలని, ఒక్కో మంచానికి ఒక్కతే బాలింత పడుకునే చోట పని చేయాలని ఆమెకు ఎంత ఆశ ఉందో, ఉత్తరం చదివిన రోజు చపాతీలు మాడ్చిన తీరు చూస్తే తెలిసేది.

సుందర్ రావుకు ఆశ లేదా అంటే, లేకేం. ఉత్తరం రాగానే అట్లాసు తెచ్చి జాంబియాను రంగు పెన్సిల్‌తో దిద్దాడు. కానీ ఇంత పెద్ద సంగతిని ఇంట్లో నలుగురు కూర్చుని తేల్చేస్తే ఊరికి మర్యాద ఏముంటుంది? అందుకని సలహాలు అడగడం మొదలుపెట్టాడు.

హెడ్మాస్టరు రాజేశ్వర్ రావు గారిని అడిగాడు. ఆయన భూగోళం పుస్తకం తెరిచి, భూమధ్యరేఖకు కింద ఉన్న దేశం కనక ఒకటికి రెండుసార్లు ఆలోచించమన్నాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు. దర్జీ వీరభద్రం, అక్కడ సూటు లేనిదే కూరగాయల దుకాణానికి కూడా రానివ్వరని విని, కొలతలు తీసుకోమంటారా సార్ అని అడిగాడు. చర్చి పెద్దలు ప్రార్థన కూడిక పెట్టమన్నారు. పెట్టాడు. ఒకటి కాదు, నాలుగు శనివారాలు పెట్టాడు. రాత్రి డ్యూటీ చేసి పొద్దున ఇల్లు చేరిన దీనమ్మ, కన్ను మూయకుండా ముప్పై మందికి ఉప్మా చేసి, చాయ పెట్టి, వాళ్లు తనకు సరైన దారి చూపించమని దేవుణ్ని వేడుకుంటుంటే తలుపు పక్కన నిలబడి గిన్నెలు ఏరుకుంది. దేవుడు ఏమన్నాడో గానీ, ఉప్మా బాగుందని అందరూ అన్నారు.

అడగని మనిషి ఒక్కతే మిగిలింది, ఎస్తేరమ్మ. ఆమె అదే దవాఖానలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసి, ఒంటి చేత్తో కొడుకును చదివించింది. సుందర్ రావు ఆమెను అడగలేదు కానీ ఆమె పేరు మాత్రం బాగా వాడుకున్నాడు. పోవాలని ఎవరైనా అంటే, అమ్మను వదిలి ఎట్లా పోతామనేవాడు. అమ్మను కూడా తీసుకుపోవచ్చు కదా అంటే, ఆ వయసులో ఆమె అంత దూరం ఎట్లా వస్తుందనేవాడు. ఎస్తేరమ్మ గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ రెండూ వినేది. అదంతా ఇంకెవరి అమ్మ గురించో అన్నట్టు గింజలు తీసుకుంటూనే ఉండేది.

జూలై పోయింది. ఆగస్టు పోయింది. పాస్‌పోర్టులకు ఫోటోలు దిగడం, సెలవు పెట్టి హైదరాబాదు తిరగడం, పిల్లలకు టీకాలు వేయించడం, అంతా దీనమ్మే చేసింది. సుందర్ రావు ఆలోచించే పని చేశాడు. ఆమె ఎప్పుడు అడిగినా, ఇది చిన్న ముచ్చటా, జర నిదానంగా చూడాలె అనేవాడు. వాతావరణం అనేవాడు, పిల్లల తెలుగు అనేవాడు, తన డ్రాయింగు పరీక్షల పిల్లలు ఏమైపోతారనేవాడు. ఏటా ముగ్గురు రాసేవాళ్లు ఆ పరీక్ష.

అసలు కారణం ఇవేవీ కావు. అది ఫారంలోనే ఉంది. మొదటి రోజే చదివాడు, ఆ తర్వాత దాని ఊసెత్తితే ఒట్టు. పైన మొదటి వరసలో ఉద్యోగి పేరు అని ఉంది. అక్కడ దీనమ్మ. దాని కింద, ఉద్యోగి మీద ఆధారపడినవారు అని నాలుగు వరసలున్నాయి. అందులో మొదటిది భర్తది. ఎవరి వరసలో వాళ్లు, పెద్దవాళ్లయితే, స్వహస్తాలతో పేరు రాసి సంతకం చేయాలి. పదిహేనేళ్లుగా బడి రిజిస్టర్లలో, చర్చి పుస్తకంలో, రేషన్ కార్డులో పైన పేరు రాసుకుని బతికిన మనిషి, పెళ్లాం పేరు కింద, తన ఇద్దరు బిడ్డల పక్కన, ఆధారపడినవాడినని సంతకం పెట్టాలి. ఆ వరసలో పెన్సిల్‌తో పేరు రాసి చూసుకునేవాడు. బాగుండేది కాదు. రబ్బరుతో చెరిపేవాడు. డ్రాయింగ్ మాస్టరు చెరిపితే గీత కూడా కనిపించదు, కానీ ఆ చోట కాగితం పలచబడిపోయింది.

సెప్టెంబరు మొదటి వారంలో ఉన్నట్టుండి ఆయన ముఖం వెలిగింది. ఫారం నింపి పోస్టు చేసేశానని, ఇక ఏ ఫికర్ లేదని దీనమ్మతో చెప్పాడు. ఆమె సంతోషం పట్టలేక ఆ పూట కోడిని కోయించింది. ఎందుకింత ఆలస్యమని అడగలేదు, ఎట్లా నింపారనీ అడగలేదు. ఆమె చేసిన తప్పేదైనా ఉంటే ఆ ఒక్కటే.

సుందర్ రావు చేసిన ఘనకార్యం ఏమిటంటే, నల్ల ఇంకు, సన్నపాళీ, స్కేలు తీసుకుని దీనమ్మ ముందే సంతకం పెట్టి ఇచ్చిన ఫారంలో, భర్త వరస ఖాళీగా వదిలి, అమ్మ వరస తనే నింపి, అన్నిటికన్నా పైన ఇంకో వరస గీశాడు. అచ్చక్షరాలు కూడా సిగ్గుపడేంత అందంగా ఇంగ్లీషులో 'కుటుంబ యజమాని' అని రాశాడు. దాని ఎదురుగా సుందర్ రావు అని పేరు రాసి సంతకం పెట్టాడు. ఎన్నేళ్లు డ్రాయింగు చెప్పినా ఇంత శుభ్రమైన పని చేయలేదని తన పనికి తనే మురిసిపోయాడు.

జాంబియా గుమాస్తా ఫారాలు పైనుంచి చదివే మనిషి. జవాబు సెప్టెంబరు ఇరవై ఆరున వచ్చింది. ఫారంలో మొదటి వరసలో పేరున్న శ్రీ సుందర్ రావు గారు తమ ఆస్పత్రిలో కాన్పుల వార్డు బాధ్యత తీసుకోవడానికి ముందుకొచ్చినందుకు సంతోషం, వారి నర్సింగు రిజిస్ట్రేషన్, మంత్రసాని శిక్షణ సర్టిఫికెట్ నకళ్లు వెంటనే పంపగలరు. వారి భార్య దీనమ్మ గారిని వెంట తెచ్చుకోవచ్చు, అయితే వెంట వచ్చేవారు అక్కడ ఉద్యోగం చేయడానికి అనుమతి లేదు.

దీనమ్మ ఆ ఉత్తరం గడపలో నిలబడి చదివింది. ఒకసారి చదివి, అర్థం కాక మళ్లీ పైకి చదివింది. అర్థమయ్యాక అక్కడే కూలబడింది. ఆమెకు కోపం కంటే అవమానం ఎక్కువైంది. పదకొండేళ్లు ఎంతమంది బిడ్డల్ని భూమ్మీద వేసినా, తన పేరు మొదటి వరసలో ఉండటం ఈ మనిషికి ఇంత బరువైందా అని ఏడ్చింది. సుందర్ రావు గోడకు ఉన్న కేలండర్ చూస్తూ నిలబడ్డాడు. మంత్రసాని అన్న మాట దగ్గర ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

జాంబియాలో ఉన్న ఆ పాత మేట్రన్‌కు టెలిగ్రాం కొట్టింది దీనమ్మ. పొరపాటు జరిగిందని, అసలు మనిషి తనేనని. ఆవిడ అక్కడ మాట సాయం చేసి మూడు వారాల గడువు ఇప్పించింది, కొత్త ఫారాలు రెండు పంపించింది. అవి అందేసరికి గడువులో మిగిలింది ఒక్క వారం. ఆ రోజు పోస్టులో పడకపోతే గడువు లోపల అందదు, పోస్టేమో నాలుగింటికి కట్టేస్తారు. పొద్దున్నే దీనమ్మ ఫారం మీద తన పేరు రాసి, పిల్లల పేర్లు రాసి, మొట్టమొదటిసారి ఆ సంగతి అడగడానికి అత్త దగ్గరకు పోయి కూర్చుంది.

"అత్తమ్మా, మీరొస్తరా?"

ఎస్తేరమ్మ చేతిలో చేట పక్కన పెట్టింది. "ఎవలన్న అడుగుతరేమో అని మూడు నెలల సంది చూస్తాన బిడ్డా. నాకు విమానం ఎక్కాల్నని ఉన్నది" అంది. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని, రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు ఒక్కొక్కటిగా కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. నాలుగక్షరాల పేరు ఐదు నిమిషాలు పట్టింది. చివరి అక్షరం గీత దాటింది. అయినా బాగుందని నవ్వుకుంది.

దీనమ్మ ఫారం, పెన్ను తెచ్చి భర్త ముందు పెట్టింది.

"మీరు లేకుండ పోవాల్నని నాకు లేదు. పిల్లలకు నాయిన కావాలె, నాకు మీరు కావాలె. కానీ ఈసారి నేను ఆగను. నాలుగింటి లోపట మీ పేరు మీరే రాయుండ్రి" అంది.

సుందర్ రావు పెన్ను చేతిలోకి తీసుకున్నాడు కూడా. తీసుకుని, మూత తీసి, మళ్లీ పెట్టి, జర బయటికి పోయొస్తానని లేచాడు. ఎక్కడికి పోయాడో వేరే చెప్పాలా? చౌరస్తా హోటల్‌కు. అక్కడ రాజేశ్వర్ రావు గారితో ఒక చాయ, ఇంకెవరితోనో ఒక చాయ తాగాడు. కుటుంబం కోసం మగవాడు కొన్నిసార్లు తగ్గాల్సి వస్తుందా రాదా అన్న విషయం మీద పెద్ద చర్చే నడిచింది. తగ్గవచ్చునని, అందులో గొప్పతనం కూడా ఉందని ఆరింటికి అందరూ కలిసి తేల్చారు. ఆ గొప్పతనాన్ని మోసుకుంటూ ఆరున్నరకు ఇంటికొచ్చి, పోదామనే నిర్ణయించానని ప్రకటించాడు. దీనమ్మ స్టవ్ దగ్గర అన్నం గంజి వారుస్తోంది. నాలుగింటికి ఐదు నిమిషాలుండేదాకా చూశానని, కవరు వేసి వచ్చానని చెప్పింది. భర్త వరస ఖాళీగానే వెళ్లింది.

డిసెంబరులో బండెక్కారు. వరంగల్ స్టేషన్‌కు సగం మట్టెవాడ వచ్చింది. సుందర్ రావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందు వీళ్లను పంపి తను వెనక వస్తానని కనిపించినవాడికల్లా చెబుతున్నాడు. దీనమ్మ కిటికీ దగ్గర కూర్చుని పిల్లల్ని సర్దుతోంది. ఎస్తేరమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని, వేళకు తిను నాయినా అంది. బండి కదిలే ముందు దీనమ్మ తన పేరు రాసి ఉంచిన రెండో ఫారం మడిచి ఆయన జేబులో పెట్టింది. కళ్లు తుడుచుకుంది. చిన్నపిల్ల కిటికీలోంచి చేయి ఊపుతూ, నాయినా ఎక్కవా, ఎక్కవా అని అరుస్తూ పోయింది.

బండి కనుమరుగయ్యాక సుందర్ రావు పక్కన వీరభద్రం ఒక్కడే మిగిలాడు. ఆరు నెలలుగా మోస్తున్న బరువు ఇక మోయలేక సుందర్ రావు బయటపెట్టేశాడు.

"వీరభద్రం, ఆ నౌకరి నాది కాదే. దీనమ్మది."

వీరభద్రం తల దించుకున్నాడు. "ఎరుకే సార్. మా ఇద్దరు పిల్లలు ఆ అక్క చేతుల మీదనే పుట్టిరి. ఉత్తరం అచ్చిన్నాడే దవాఖాన్ల అందరికి తెలిసె, మట్టెవాడకు తెల్వదా?"

"అందరికా? హోటల్ల కూర్చునేటోళ్లకు సుత?"

"అందరికి సార్."

"మరి ఒక్కలన్న నాతోని ఎందుకు అనకపోతిరి?"

"మీరు మంచిగ ముచ్చట చెప్తాంటిరి. నడుమ ఆపుడెందుకని విన్నం" అన్నాడు వీరభద్రం. దుకాణం తెరవాలని చెప్పి వెళ్లిపోయాడు.

సుందర్ రావు ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాడు. జేబులోంచి ఫారం తీసి, మోకాలి మీద పరుచుకుని, దీనమ్మ పేరు కింద తన పేరు రాసి సంతకం పెట్టాడు. అర నిమిషం కూడా పట్టలేదు. బండి అప్పటికి కాజీపేట వైపు సగం దూరం పోయి ఉంటుంది.