ఏడో పాటలోని అమ్మ

నాలుగో పాట సగంలో ఉండగా కోర్నెల్ బాగ్బీ కారు అద్దాలు నాలుగూ దించేశాడు. కొత్త ఆల్బమ్ ఏదైనా మొదటిసారి కారులోనే వినాలి. అదీ యాభై రెండో వీధిలో, మార్కెట్ స్ట్రీట్ నుంచి బాల్టిమోర్ అవెన్యూ దాకా మెల్లగా నడుపుతూ వినాలి. పైన వంతెన మీద రైలు పోతుంటుంది, కింద అత్తర్లూ అగరొత్తులూ అమ్మేవాడు గొంతు చించుకుంటుంటాడు. ఇన్ని చప్పుళ్ల మధ్య నిలబడలేని పాటను ఇంటికి తీసుకెళ్లి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మర్యాదలు చేయడం దండగని అతని నమ్మకం. ముప్పై ఏళ్లుగా ఇదే పద్ధతి. కారు మాత్రం మూడోది.

ఆల్బమ్ పేరు ‘మా గుమ్మం మెట్లు’. పాడినవాడు డ్యూక్ వెస్లీ, అసలు పేరు వెస్లీ గ్రబ్స్, ఈ వెస్ట్ ఫిలడెల్ఫియాలోనే పుట్టి ఈ పేట పేరు చెప్పుకునే పెద్దవాడైన రాపర్. ఇప్పుడు యాభై అయిదేళ్లు. పదకొండేళ్లు నోరు మూసుకుని కూర్చుని ఇప్పుడు మళ్లీ తెరిచాడు. దాని మీద ఈ మధ్యాహ్నం మూడింటిలోగా కోర్నెల్ సమీక్ష రాసివ్వాలి. రేపు గురువారం, వారపత్రిక బయటికి వచ్చే రోజు.

ఆల్బమ్ బాగుంది. ఒళ్లు మండేంత బాగుంది. డ్రమ్స్ మిషన్‌వి కావు, మనిషి కూర్చుని వాయించినవి. గొంతు లావెక్కింది. ఊపిరి అందని చోట ఒకే గొంతును రెండుసార్లు రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పరిచాడు, పాతకాపు కదా, ఎక్కడ దాచాలో తెలుసు. నాలుగో పాటలో మోకాళ్ల నొప్పి గురించి చెప్పిన తీరుకు కోర్నెల్ ఒక్కడే కారులో గట్టిగా నవ్వాడు. అతని మోకాళ్లు కూడా అదే పాట పాడుతున్నాయి మరి.

కోర్నెల్‌ది భారీ విగ్రహం. సీటును ఎంత వెనక్కి జరిపినా పొట్ట స్టీరింగుకు తగులుతుంది. స్పీకర్ల పక్కన నిలబడి నిలబడి ఎడమ చెవి మందగించింది. అందుకని పాట వినేటప్పుడు తల ఎడమకు తిప్పి, కుడి చెవిని ముందుకు పెడతాడు. వీధిలో కుర్రాళ్లకు అతను ఎవరినో కోపంగా చూస్తున్నట్టు కనిపిస్తాడు. పత్రికలో అతని పేరు ఎప్పుడూ చిన్న అక్షరాల్లోనే పడింది. సమీక్షలే కాదు, చర్చివాళ్లు పెట్టే శుక్రవారం చేపల విందు ప్రకటనలు కూడా అతనే రాసేవాడు. పెళ్లి ఆరేళ్లు నిలిచింది. ఆవిడ పోతూ పోతూ, “నీకు పెళ్లాం ఆ డబ్బాలే” అని స్పీకర్లను వదిలేసి మిగతా సామానంతా పట్టుకుపోయింది.

ఏడో పాట మొదలైంది. రెండో చరణంలో వెస్లీ గొంతు తగ్గించి అందుకున్నాడు:

“అమ్మ తెల్లారుజామున బూట్లు చేత పట్టుకొచ్చేది
మెట్లకు మెలకువ రాకూడదని,
ఊరి ఆస్పత్రి నేలంతా అద్దంలా తుడిచొచ్చి
మా వంటింటి చీకట్లో కూర్చునేది...”

కోర్నెల్ నడివీధిలో బ్రేకు మీద కాలేశాడు. వెనక వ్యాన్ వాడు హారన్ మోగించి తల బయటపెట్టాడు.

“తాతా! నిద్రొస్తే ఇంటికెళ్లి పడుకో, రోడ్డు మీద కాదు!”

కారును పక్కకు తీసి ఆపాడు. ఆ పదహారు పంక్తులూ ఆల్బమ్ మొత్తంలో అన్నిటికన్నా మంచివి. అవి వెస్లీవి కావు. ఆర్నెట్ స్టోక్స్‌వి.

ఒకప్పుడు వెస్లీ, ఆర్నెట్ జంటగా పాడేవారు. ఆర్నెట్ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జేబులో ఉబ్బసం మందు పెట్టుకుని తిరిగేవాడు. తొంభై ఆరులో, ఇరవై నాలుగేళ్లకే, ఆ ఉబ్బసంతోనే పోయాడు. ఒక్క రికార్డు కూడా రాలేదు. ఆ బూట్లు పట్టుకుని మెట్లెక్కింది ఆర్నెట్ వాళ్లమ్మ, పేటంతా మర్యాదగా మిస్ ఎర్లీన్ అని పిలిచే ఆవిడ.

చనిపోయినవాడి పంక్తి ఎత్తుకుంటే ముందు వాడి పేరు పలకాలి. ఇది ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు. నిన్నగాక మొన్న మైకు పట్టినవాడికి కూడా తెలుసు. పేరు చెప్పి ఎత్తుకుంటే మొక్కు, చెప్పకుండా ఎత్తుకుంటే దొంగతనం. కోర్నెల్ పాటను వెనక్కి తిప్పి కుడి చెవి పెట్టి మళ్లీ విన్నాడు. పేరు లేదు. వెంటనే ఫోన్ చేశాడు.

“ఏరా నెల్! విన్నావా? చెప్పు చెప్పు, పదికి ఎన్ని వేస్తున్నావ్?” వెస్లీ గొంతు హుషారుగా ఉంది.

“ఏడో పాట ఎవరిదిరా?”

“ఎవరిదేంటి? నాదే.”

“ఆ బూట్లు ఎవరివి? మీ అమ్మ నాకు నాలుగో తరగతి పాఠాలు చెప్పింది. రాత్రి ఎనిమిదింటికల్లా పడుకునేది ఆవిడ. ఆస్పత్రి నేల ఎప్పుడు తుడిచిందిరా?”

“ఒరేయ్, పాటలో అమ్మంటే అందరి అమ్మ. అయినా అవన్నీ మేమిద్దరం కలిసి రాసుకున్నవి. ఏది ఎవడిదో ఎవడికి గుర్తు?”

“నాకు గుర్తు. తొంభై మూడులో వేసవంతా మంగలి షాపు మెట్ల మీద కూర్చుని వాడు ఒక్కో మాటా చెక్కుతుంటే నేను పక్కనే ఉన్నా. వాడి పేరు ఒక్కసారి అనరా వెస్. పాట మొదట్లో, ఒక్కసారి. నీ సొమ్మేం పోతుంది?”

వెస్లీ నవ్వాడు. “అంత గుర్తున్నవాడివి అప్పుడే రాయాల్సింది. నీ పేపరు నువ్వే తీసి చూస్కోరా పెద్దమనిషీ. తొంభై నాలుగు, జూను నెల.” ఫోన్ పెట్టేశాడు.

కోర్నెల్ ఆఫీసుకు వెళ్లి, అన్నం మాట మరిచి, గంటన్నరలో సమీక్ష రాసేశాడు. ఆల్బమ్‌లో మెచ్చుకోవాల్సిందంతా మెచ్చుకున్నాడు. ఏడో పాట దగ్గర మాత్రం ఉన్నదున్నట్టు, ఇది దొంగ సరుకు అని రాశాడు. సంపాదకురాలు మారిబెత్ క్విన్ చదువుతూ చదువుతూ నుదురు రుద్దుకోవడం మొదలుపెట్టింది. ముప్పై నాలుగేళ్ల మనిషి. ఈ పత్రికను మూతపడకుండా నెట్టుకొస్తున్నది ఆవిడే. ఆగస్టులో పత్రిక పెట్టే సంగీతోత్సవంలో ముఖ్య గాయకుడు డ్యూక్ వెస్లీ.

“ఈ పేరా తీసేద్దాం కోర్నెల్.”

“తియ్యను.”

“రుజువేది? రికార్డు లేదు, కాగితం లేదు. చనిపోయినాయన వచ్చి చెప్తాడా? మన లాయరు నన్ను బతకనివ్వడు.”

“నేను విన్నాను. నా మాట చాలదా?”

“మీ మాటే అడ్డం వస్తోంది.” ఆవిడ బల్ల మీద బైండు చేసిన పాత సంపుటి అప్పటికే తెరిచి ఉంది. “వెస్లీ మనిషి ఇందాకే ఫోన్ చేసి ఈ పేజీ చూడమన్నాడు. మీరే చదవండి.”

కాగితం పసుపుపచ్చగా మారింది. చర్చి నేలమాళిగలో జరిగిన చిన్న కచేరీ మీద ఇరవై ఆరేళ్ల కోర్నెల్ బాగ్బీ రాసిన మొదటి సమీక్ష. అందులో బూట్ల పంక్తులు మక్కికి మక్కి ఉన్నాయి. పైన ఒక వాక్యం: ‘డ్యూక్ వెస్లీ తల్లిని తలచుకున్న ఈ చరణం ఆ రాత్రికే కిరీటం.’

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు లైట్లు పోయాయి. ఇద్దరూ తలల మీదకు ముసుగులు లాక్కుని ఒకే మైకును చేతులు మార్చుకుంటూ పాడారు. వెనక వరసలో నిలబడిన కోర్నెల్‌కు ఏ గొంతు ఎవరిదో తెలియలేదు. మంగలి షాపు మెట్ల మీద విన్న మాటలు ఆ చప్పుట్లో పోల్చుకోలేదు, లేదా పోల్చుకునే ఓపిక లేకపోయింది. అప్పటికే పేరున్న వాడి పేరు రాసి పడేశాడు. పేపరు వచ్చిన పొద్దున ఆర్నెట్ ఫోన్ చేశాడు. “ఏంటన్నా, మా అమ్మను తీసుకెళ్లి వాడికిచ్చేశావ్!” అని నవ్వాడు. “వచ్చే వారం దిద్దేస్తానురా” అన్నాడు కోర్నెల్. వచ్చే వారం ఇంకో ఆల్బమ్ వచ్చింది. ఆ పై వారం మరొకటి. మొదటి సమీక్షలోనే తప్పు రాశానని ఒప్పుకోవడానికి నామోషీ కూడా వేసింది. ఆ తర్వాత నిజంగానే మరిచిపోయాడు.

పొద్దుటి నుంచి వెస్లీ మీద రగిలిన కోపమంతా తిరిగొచ్చి తన గుండెల మీద కూర్చుంది. దొంగకు తలుపు తెరిచింది తనే. తాళంచెవి చేతికిచ్చింది కూడా తనే.

సంపుటి మూయలేదు. పక్కనే ఉన్న ఈ వారం సంచికలో రెండో పేజీ తిప్పి, అడుగున ఎప్పుడూ వేసే వాక్యం మీద వేలు పెట్టాడు. పత్రికలో వచ్చిన తప్పు ఎప్పుడు తెలిసినా దిద్దుతామని ఉంది అక్కడ.

“సమీక్ష మొత్తం తీసెయ్. నా పేరు మీద ఆ ఆల్బమ్‌కు మార్కులు వేశావో, ఊరుకోను. ఇది వెయ్యి.” నిలబడే రాసి ఆవిడ ముందు పెట్టాడు.

‘దిద్దుబాటు. 1994 జూన్ సంచికలో, తల్లి బూట్ల గురించిన చరణం డ్యూక్ వెస్లీదని రాశాం. అది తప్పు. రాసినవాడు ఆర్నెట్ స్టోక్స్. ఆ తప్పును ఆర్నెట్ అప్పుడే చెప్పాడు. సమీక్షకుడు దిద్దలేదు. — కోర్నెల్ బాగ్బీ.’

మారిబెత్ రెండుసార్లు చదివింది. “ఇది వేస్తే వెస్లీ ఉత్సవానికి రాడు. యజమాని మిమ్మల్ని ఉంచడు. తెలుసుగా?”

“నా రాతలో తప్పుందని నేనే అంటున్నా. నీ లాయరును అడుగు, ఎవడి మీద దావా వేస్తాడో.”

“మీరంతా ఇంతే! ముప్పై ఏళ్లు నిద్రపోయి, సరిగ్గా నా రోజుల్లోనే లేస్తారు!” ఆవిడ కాగితం లాక్కుంది. కళ్లు ఎర్రబడ్డాయి. “వేస్తాను. చిన్న అక్షరాల్లో వేస్తాను. కానీ వేస్తాను.”

మూడింటికి పేజీలు అచ్చుకు వెళ్లాయి. నాలుగింటికి యజమాని ఫోన్ చేసి రెండే నిమిషాలు మాట్లాడాడు. నాలుగుంపావుకు కోర్నెల్ ఆ రెండో పేజీ నకలు ఒకటి మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగిపోయాడు. మళ్లీ ఎక్కే పని లేదు.

దారిలో బేకరీ దగ్గర ఆగి వెన్న కేకు కొన్నాడు. ఉత్త చేతులతో వెళ్లడానికి మొహం చెల్లలేదు.

సీడార్ అవెన్యూలో మిస్ ఎర్లీన్ వరండాలో కూర్చుని ఉంది. ఎనభై నాలుగేళ్లు. పాదాలు వాచి ఉన్నాయి. పూల గౌను మీద స్వెటరు వేసుకుంది. కోర్నెల్ కేకు డబ్బాను పిట్టగోడ మీద పెట్టాడు.

“ఏరా, దారి తప్పావా?”

“మీకొకటి చూపించాలి, మిస్ ఎర్లీన్. రేపటి పేపరు.”

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని, అక్షరాల కింద వేలు జరుపుతూ, పెదాలు కదుపుతూ చదివింది. కొడుకు పేరు దగ్గర వేలు కాసేపు ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

“వాడు చెప్పాడని రాశావే. ఎలా చెప్పాడు?”

“ఫోన్ చేశాడు. నవ్వుతూనే చెప్పాడు.”

“నీతో నవ్వాడు. ఆ ఫోన్ మా వంటింటిదే. నేను పొయ్యి దగ్గరే ఉన్నా. ఫోన్ పెట్టేసి, గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. ఏంట్రా అంటే, వచ్చే వారం దిద్దుతాడటమ్మా, మంచోడు అన్నాడు.” గొంతు పెరగలేదు. అదే భయంగా ఉంది. “రెండేళ్లు, ప్రతి గురువారం, డ్యూటీ దిగి ఆ పేపరు తెచ్చేదాన్ని వాడి కోసం. వాడు పోయాక కూడా తెచ్చాను. చచ్చాడు కదా, ఇప్పుడైనా రాస్తారేమోనని. ఆ వారం నువ్వేదో చేపల విందు గురించి రాశావు.”

“తప్పు చేశానండీ. క్షమించమని అడగడానికే...”

“ఎందుకు? రాత్రికి నీకు నిద్ర పట్టాలనా? నేను బూట్లు విప్పి మెట్లెక్కుతానని ఈ వీధిలో ఒక్కడికీ తెలియదు. నిద్రపోతున్నాడనుకున్న నా బిడ్డ చూశాడు. చూసి దాచుకున్నాడు. వాడికంటూ ఉన్నదే అది. అది కూడా తీసి గట్టిగా అరిచేవాడికి రాసిచ్చావు.” కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేచింది. కోర్నెల్ ఆసరా ఇవ్వబోతే మోచేత్తో నెట్టేసింది. “ఇంటికి పో, కోర్నెల్.”

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గౌను జేబులో వేసుకుంది. జేబు మీద అరచెయ్యి ఆనించుకునే లోపలికి నడిచింది. తలుపు గడియ పడింది.

ఆవిడ అన్నదాంట్లో ఒక్క మాట కూడా ఎక్కువ కాదు. కోర్నెల్ మోకాళ్లు పట్టుకుని మెట్లు ఒక్కొక్కటే దిగి కారు ఎక్కాడు. రేడియో పెట్టలేదు. వీధి మలుపు తిరిగి వెళ్లిపోయాడు.

వరండా పిట్టగోడ మీద కేకు డబ్బా, కట్టిన తెల్ల దారం ముడి విప్పకుండా, చీకటి పడేదాకా అలాగే ఉంది.