ఆది చొక్కా

ఈ సంగతి నాకు మొదట చెప్పింది శంకరమ్మ. నాంపల్లి స్టేషన్ రోడ్డు పక్క సందులో ఉండే టైలర్ దుర్గయ్య భార్య. ముప్పై ఏళ్ళు ఆ దుకాణంలో కాజాలు కుట్టింది. కాజా కుట్టే మనిషి వంకర మాట చెప్పదు. మిగతావాళ్ళు చెప్పుకునేది కూడా విన్నాను. ఒక్కటీ సరిగ్గా లేదు.

దుర్గయ్య పొద్దున్నే దుకాణం తెరిచి, మిషన్‌కు నూనె చుక్క వేసి, టేపు మెడలో వేసుకునేవాడు. ఆ టేపు ఇవాళ్టి కొలత చెప్పదు. ఆ బట్టతో అసలు పని పడే రోజుకి మనిషి ఎంత ఉంటాడో అంత చెబుతుంది. మనిషి రాకపోయినా, అతను తొడిగి విడిచిన పాత బట్ట ఆదిగా పెడితే చాలు. గన్‌ఫౌండ్రీ బ్యాంకు గుమాస్తాకు కోటు సంచిలా వేలాడితే ఆయన ఫికర్ చెయ్యలేదు, మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. బిడ్డ పెళ్ళినాటికి పొట్ట వచ్చి సరిపోయింది. కాచిగూడ పహిల్వాన్‌కు లాల్చీ సన్నగా వస్తే వాళ్ళమ్మ దుకాణం మెట్టు మీదే ఏడ్చింది. మూడు నెలలు దవాఖానలో పడుకుని వచ్చి ఆ లాల్చీ తొడుక్కున్నాడు. ఆ టేపుతో ఎవరూ వాదించేవారు కాదు.

అరవై నాలుగులో కోదండరామయ్య కూతురు వసుమతి సంగతి వచ్చింది. ఆయన యాభై ఆరులో రాష్ట్రాలు కలిసినప్పుడు గుంటూరు నుంచి వచ్చిన సర్కారు గుమాస్తా. ఆ సందు మొగలోనే బొంతలు కుట్టుకునే నన్ను ఒకసారి పదిమందిలో "గుడ్డముక్కలు కుట్టేవాడికి ఇన్ని మాటలెందుకు" అన్నాడు. నేను మరవలేదు.

వసుమతి బీయస్సీ రెండో ఏడు. తెల్లవారగానే బస్సెక్కి బేగంపేట మైదానంలో విమానం నడపడం నేర్చుకునేది. పది గంటలకల్లా కాలేజీ బెంచీ మీద ఉండేది. విమానం నేర్చుకునే ఆ సీటు పరీక్ష రాసి, స్కాలర్‌షిప్పు మీద తెచ్చుకున్నది. బస్సులో ఒడి మీద ఫిజిక్స్ నోట్సు, దాని కింద గాలులు మేఘాల పుస్తకం. జడ పెట్రోలు వాసన కొడుతోందని పక్క అమ్మాయిలు ఎకసెక్కాలాడేవారు. ఆమె అన్న వరప్రసాద్ బీకాం రెండుసార్లు తప్పి, మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీమ్ తింటూ మూడోసారికి తయారవుతున్నాడు.

లైసెన్సు పరీక్షకు తెల్ల యూనిఫాం కావలసివచ్చింది. తండ్రీకూతుళ్ళు దుర్గయ్య దగ్గరికి వచ్చారు. కోదండరామయ్య సంచిలోంచి చొక్కా, ప్యాంటు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇవిగో ఆది. మావాడివి. ఆడపిల్ల ప్యాంట్లు మా ఇంట్లో ఎక్కడుంటాయయ్యా? వీటిని చూసి అమ్మాయికి తగ్గించి కుట్టు."

"తగ్గించుడు, పెంచుడు నా చేతుల లేదు సార్. టేపు ఎంతంటే గంత."

"నన్నే కొలవచ్చు కదండీ, ఎదురుగానే ఉన్నాను" అంది వసుమతి.

"ఆడపిల్లకు టేపు పెట్ట బిడ్డా. మా నాయన కాలం నుంచి గిదే రివాజు."

శంకరమ్మ సూది పక్కన పెట్టి లేచింది. "ఇటియ్యి, నేను పెడ్త. పరదా ఎనుక ఒక్క నిమిషం."

"కాజాలు కుట్టెటోళ్ళు కాజాలు కుట్టాలె" అన్నాడు దుర్గయ్య.

శంకరమ్మ కూర్చుంది. అలా కూర్చోవడమే తన తప్పని నాతో అంది.

వారానికి యూనిఫాం ఇంటికి చేరింది. వసుమతి తొడుక్కుంటే చేతులు వేళ్ళు దాటాయి. "ఇందులో నేనూ, మా ఇన్‌స్ట్రక్టరూ ఇద్దరం పట్టేస్తాం" అంది. తల్లి జానకి కూడా నవ్వింది. తండ్రి నవ్వలేదు. కొడుకును పిలిచి తొడుక్కోమన్నాడు. భుజాలు అతికినట్టు సరిపోయాయి. పొట్ట దగ్గరే కాస్త వదులు.

"అదే వస్తుందిలే" అన్నాడు కోదండరామయ్య. "విమానం ఎక్కేది ఎవరో తేలిపోయింది."

"నాన్నగారూ, అది అన్నయ్య ఆది! అందుకే అన్నయ్యకు సరిపోయింది."

"ఊరందరికీ నిజం చెప్పే టేపు నీకొక్కదానికే అబద్ధం చెబుతుందా?"

"నిన్న ఒక్కదాన్నే మూడు చుట్లు తిరిగి దిగాను. పైనుంచి నాంపల్లి స్టేషను అగ్గిపెట్టెంత ఉంది."

"చూశావుగా. చాలు."

ఆమెకు ఇరవై ఒకటి నిండలేదు. తండ్రి సంతకం లేనిదే ఎక్కనివ్వరు. మర్నాడే ఆయన బేగంపేట వెళ్ళి సంతకం వెనక్కి తీసుకుని, కొడుకు పేరున అర్జీ పెట్టి వచ్చాడు.

వసుమతి ఆ పూట కాలేజీ మాని దుకాణానికి వచ్చింది. "టేపు మా అన్నయ్య చొక్కాను కొలిచింది, నన్ను కాదు. ఈ ఒక్క ముక్క మా నాన్నగారితో చెప్పండి."

దుర్గయ్యకు తన పొరపాటు అప్పటికే తెలిసిపోయిందని మొహంలో కనబడిందట. కానీ దుకాణం నిండా గిరాకీలు.

"నా టేపు ఎన్నడు తప్పలె బిడ్డా."

"టేపు తప్పిందనడం లేదు..."

"పో బిడ్డా, పని టైము."

ఆమె మధ్యాహ్నం దాకా మెట్టు మీద కూర్చుంది. చివరికి, "పోనీ, ఒక్కసారి నాకు పెట్టండి" అంది. దుర్గయ్య టేపు చుట్ట చుట్టి తొడ కింద పెట్టుకున్నాడు.

వరప్రసాద్‌ను ఒకసారి విమానం ఎక్కించారు. హుస్సేన్‌సాగర్ దాటకముందే వాంతి చేసుకుని, దిగి, మళ్ళీ ఆ వైపు పోలేదు. సీటు ఇంకెవరికో వెళ్ళింది.

ఏడేళ్ళు గడిచాయి. అబిడ్స్‌లో ఒక కొత్త హోటలుకు గుమ్మం దగ్గర నిలబడే మనిషి కావాలన్నారు. భుజాల మీద పట్టీలున్న తెల్ల యూనిఫాం సొంతంగా ఉంటే మంచిదన్నారు. జానకి పెట్టె అడుగునుంచి ఆ పాత యూనిఫాం తీసి కొడుక్కి ఇచ్చింది. ఈసారి పొట్ట దగ్గర కూడా గుండీతో సహా సరిపోయింది. వరప్రసాద్ ఇవాళ్టికీ ఆ గుమ్మంలో కార్ల తలుపులు తీస్తున్నాడు. దుర్గయ్య అటు పోతూ చూశాడు. ఇంటికొచ్చి కత్తెర కింద పెట్టాడు, మళ్ళీ పట్టలేదు. ఆ ఏడే పోయాడు.

వసుమతి డిగ్రీ పూర్తి చేసి కాచిగూడలో ఆడపిల్లల బడిలో ఫిజిక్స్ చెబుతోంది. విమానం పోతుంటే పిల్లలు కిటికీకి పరిగెడతారు, ఆమె బోర్డు వైపే చూస్తుంది. మీరెందుకు ఎగరలేదని అడిగితే, "టేపు నన్ను వద్దంది" అంటుందట. మొదట్లో కాదన్న మనిషి, ఊరంతా అదే అనగా అనగా తానూ నమ్మింది.

శంకరమ్మ పోయిన నెల పోయింది. నేను కోదండరామయ్య కూతురి దగ్గరికి పోను, ఎందుకో ఆయనకు తెలుసు. నా చదువు సంతకం వరకే. చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఆ బడికి వెళ్ళండి. ఆ టీచరమ్మ చూస్తుండగా, ఆమె బోర్డు మీదే, పెద్ద అక్షరాలతో సరిచేసి రాయండి: వసుమతిని ఎవరూ కొలవలేదు.