వెనక చక్రాల కింద నిమ్మకాయలు

కారును మలుపుల్లో పక్కకు జారిస్తూ నడిపే డ్రిఫ్టింగ్‌కు అందరూ కొనే కారు వద్దని, నిజామాబాద్‌లో ఎవరూ చూసి ఎరగని పాత నిస్సాన్ 370జెడ్‌ను రవీందర్ పట్టుబట్టి తెచ్చుకున్నాడు. తల్లి గంగుబాయికి మొదటి నుంచీ ఆ కారు కంట్లో నలుసే.

"ఇద్దరు కూసుంటె నిండిపాయె. ఖరాబైతే గిక్కడ ఎవడు బాగుచేస్తడు?" అని సణుగుతూనే పూజ చేసి, కొబ్బరికాయ కొట్టింది.

రవీందర్ అందరిలాగే ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఎక్కి కూర్చున్నాడు. గంగుబాయి వంగి వాటిని తీసి, వెనక చక్రాల కింద పెట్టింది.

"గట్లెందుకే అవ్వా?"

"బండిని ఉరికిచ్చేటియి, జారిచ్చేటియి ఎనక చక్రాలే అని రోజు ఫోన్‌ల దోస్తులకు చెప్తివి గద. నేను బీడీలు చుట్టేది చేతులతోటి, చెవులతోటి గాదు."