పో అనడం నేర్పని వీడియో

బెస్తల బస్తీలో మధ్యాహ్నం మూడింటికి కుళాయి నీళ్ళొస్తాయి, మూడున్నరకి సముద్రం వస్తుంది. సునామీ అయిన ఏడాది నుంచీ అంతే. సముద్రం అచ్చమ్మ గుమ్మం ముందు మూడో మెట్టుదాకా ఎక్కి నిలబడుతుంది. ఆ సునామీ ఆదివారం వేటకెళ్ళిన ఆవిడ మొగుడు గోవిందుని మింగింది ఇదే మరి. అచ్చమ్మ చీపురు పుచ్చుకుని బయటికొచ్చి, "పో! మళ్ళీ రాకు!" అంటుంది. పోతుంది. మర్నాడు మళ్ళీ మామూలే. ఇరుగుపొరుగు ఆ వేళకి చెప్పులు లోపల పెట్టుకుంటారు.

సముద్రానికి తెలుగు తప్ప మరో భాష రాదు, అదీ ఆ ఇంటివాళ్ళు చెబితేనే వింటుంది. ఇప్పుడేమో అచ్చమ్మ గొంతు పోతోంది. కొడుకు వేరే ఊళ్ళో పనిలో ఉన్నాడు. కోడలు సుష్మది ఉత్తరాది, పుట్టింట్లో అంతా హిందీయే. ఓసారి "భయ్యా, జావో నా" అని బతిమాలితే ఇంకో మెట్టెక్కింది. "పో" అని కూడా చూసింది. ఆ పలుకు దానికి తెలుగులా వినపడలేదు కాబోలు, కదిలితే ఒట్టు.

ఇక దిక్కు సుష్మ రెండున్నరేళ్ళ కూతురు పింకీయే. సుష్మ ఫోనులో తెలుగు వీడియోలు పెట్టి కూర్చోబెట్టింది. పట్టుచీర టీచరమ్మ చెబుతుంటే పిల్ల నోరు తెరుచుకుని చూసేది.

"అదేటి సుష్మా," అచ్చమ్మ బొంగురుగా అంది. "పొద్దున్నించీ రండి, తినండి. అన్నిటికీ అండీయేనా? పో అని ఎప్పుడు నేర్పుతాది?"

"అగ్‌లా వీడియోలో ఉంటది అత్తమ్మా." అంటూ సుష్మ తర్వాతి వీడియో నొక్కింది.

శుక్రవారానికి అచ్చమ్మ గొంతు బొత్తిగా పడిపోయింది. మూడున్నరకి సముద్రం మెట్లన్నీ ఎక్కి గడపలోకి తొంగిచూసింది.

"బోల్ పింకీ! పో అను!" సుష్మ ఏడుపు మొదలెట్టింది.

పింకీ చేతులు జోడించి, టీచరమ్మలాగే తల వంచి, "వెల్లి లండి" అంది.

ఓర్నాయనో! అది పొమ్మనడం కాదు, మళ్ళీ రమ్మనడం. సముద్రం కాసేపు ఆగింది. ఇరవై ఏళ్ళలో దాన్ని అండీ అన్నవాళ్ళెవరు గనక? బస్‌స్టాపుదాకా వెనక్కి తగ్గి, అక్కణ్ణుంచి ఇంతెత్తున తిరిగొచ్చింది.

వీధివీధంతా మేడలెక్కేసింది. సుష్మ ఎంత లాగినా అచ్చమ్మ కదల్లేదు. నీళ్ళొచ్చి మెట్ల కింద మెల్లిగా పరుచుకున్నాయి. వాటిలోంచి గోవిందు పైకొచ్చాడు. ఆనాటి నలభై రెండేళ్ళవాడే, లుంగీ పిండుకుంటూ.

"ఎన్నిసార్లు గుమ్మందాకా వచ్చేనే, అచ్చీ!" అన్నాడు. "నువ్వేటి, రోజూ పో పో అంటావు!"

అచ్చమ్మ అతని తడి చొక్కా రెండు చేతులా పట్టుకుని, ఏడుస్తూ లోపలికి లాగింది.